ఎన్నిసార్లు ఎత్తాలి

ఆర్మూర్,
18 నవంబర్ 2024

చెల్లె రాజశ్రీకి,

అన్న గంగాకిషన్ రాస్తున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా నేను "ఆఁ ఆఁ" అని పెట్టేస్తున్నానని కోపం తెచ్చుకున్నావట, మీ వదినె త్రివేణి చెప్పింది. నాది పొగరు కాదమ్మా, చెవులు. ఇరవై ఏళ్ళు పసుపు పాలిష్ చేసే డ్రమ్ము పక్కన కూర్చుంటే ఎవరికైనా ఇంతే. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి సర్దుకుంటాను. ఫోన్లో ఏం చూడను? మెసేజ్ పెట్టమంటావు. ఆ ఫోన్ నిండా పసుపు రేట్లే. నీ మాట వాటి కింద పడి కనపడకుండా పోతుంది. అందుకే ఉత్తరం. నవ్వితే నవ్వుకో.

అసలు సంగతి చెబుతాను. షుగర్ బాగా పెరిగింది. పరగడుపున రెండు వందల పది. నిజామాబాద్ డాక్టరు గోళీలు మార్చి, "ఉగాది వరకు చూద్దాం సేటూ. తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నాడు. నాయన సూది మొదలుపెట్టిన ఏడాదికే పోయాడు, నీకు గుర్తుంది కదా. మీ వదినె నాతో రోజూ వాదిస్తున్నది. "సూదికి సావుకు ఏం సంబంధమయ్యా? మామ కిడ్నీలు ఖరాబైనంకనే కద సూది వెట్టుకున్నది" అంటుంది. అది నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా? సూది సీసా చూస్తే నాయన మంచమే కళ్ళ ముందుకొస్తుంది.

చాయ్ మానమంటున్నారు. ఎట్లా మానేది? రైతు బస్తాలు మన అంగడి ముందు దించాక చాయ్ తాగించకుండా పంపితే, వచ్చే ఏడు ఇంకో కమీషన్ దుకాణం చూసుకుంటాడు. అతని ముందు నేను ఉత్త చేతులతో కూర్చుంటే అదీ మర్యాద కాదు. చక్కెర లేకుండా తాగుతున్నాను. ఆ చాయ్ ఎంత బాగుంటుందో నువ్వే ఊహించుకో.

నువ్వు బెంగళూరులో షుగర్ ఉన్నవాళ్ళ చేత బరువులు ఎత్తిస్తావు కదా. దాంతో సూది తప్పుతుందా? నిజం రాయి. పెద్ద అక్షరాలతో రాయి.

నీ అన్న,
గంగాకిషన్

*

బెంగళూరు,
27 నవంబర్ 2024

అన్నా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఇవిగో పెద్ద అక్షరాలు. ఒకటో తరగతి పలక మీద కూడా ఇంత పెద్దగా రాసి ఉండను.

సూది తప్పుతుందని మాట ఇవ్వలేను. తప్పే అవకాశం ఉందని మాత్రం చెప్పగలను. నీ ఒంట్లో ఇన్సులిన్ లేక కాదు ఈ బాధ. నీ కండలు దాని మాట వినడం మానేశాయి. రక్తంలో చక్కెర మన అంగడి వాకిట్లో బస్తాల్లా పేరుకుపోయింది, లోపలికి ఎత్తేవాళ్ళు లేరు. బరువు ఎత్తి అలిసిన కండకు ఆకలి వేస్తుంది, ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ గుణం పోయేలోపల మళ్ళీ ఎత్తాలి. అందుకే రోజు విడిచి రోజు.

ఇక ఎన్నిసార్లు ఎత్తాలన్నది. పెద్ద బరువు తక్కువసార్లా, చిన్న బరువు ఎక్కువసార్లా అని మా సెంటర్‌లో రోజూ తగువే. పరిశోధనలు చేసినవాళ్ళు కూడా ఒక్క మాట మీద లేరు. నేను చూసినంతలో రెండూ పనిచేస్తాయి, చివరి రెండుసార్లకు కండ మొండికేసేదాకా ఎత్తితే. నీకు అలవాటు లేదు కాబట్టి పది కిలోలతో మొదలుపెట్టు. పదిహేనుసార్లు ఎత్తు, కాస్త కూర్చో, మళ్ళీ పదిహేను, మళ్ళీ పదిహేను. బరువును ఛాతీకి ఆనించుకుని సగం కూర్చుని లేవడం ఒకటి. నేల మీద నుంచి నడుం దాకా ఎత్తడం ఒకటి. ఊపిరి బిగబట్టకు. రెండు నెలల తర్వాత బరువు పెంచి సార్లు తగ్గిద్దాం. ఏది నీకు పడుతుందో నీ షుగరే చెబుతుంది.

మొదలుపెట్టే ముందు గుండె, కళ్ళు చూపించుకో. గోళీలు ఒక్కపూట కూడా మానకు. కాలు జారకుండా మంచి బూట్లు కొనుక్కో. ప్రతి ఉత్తరంలో షుగర్ ఎంతో రాయి. కబుర్లు తర్వాత, ముందు అంకెలు.

నీ చెల్లె,
రాజశ్రీ

*

ఆర్మూర్,
20 డిసెంబర్ 2024

చెల్లె రాజీకి,

ముందు అంకె: నూట ఎనభై ఐదు. సంతోషమేనా?

గుండె బాగుందన్నారు. కళ్ళలో కొంచెం మచ్చ ఉంది, చూస్తూ ఉండాలన్నారు. బూట్లు కొన్నాను. నీలం రంగువి, కాలేజీ పిల్లలు వేసుకునేవి. ఇంట్లో చోటు లేక గోదాంలోనే మొదలుపెట్టాను. పది కిలోల ఇనుము ఎక్కడ తెచ్చేది? చిన్న సంచిలో మన పసుపు కొమ్ములే నింపి కుట్టించాను. పొద్దున్నే హమాలీలు రాకముందే వెళ్ళి ఎత్తుతున్నాను. మొదటి రోజు పదకొండోసారికే కళ్ళు తిరిగినంత పనైంది. ఇప్పుడు పదిహేను దాటిస్తున్నాను.

ఎవరికీ తెలియకూడదనుకున్నాను గానీ మన పాత హమాలీ చిన్నన్న ఒకరోజు తొందరగా వచ్చి పట్టుకున్నాడు. "సేటూ, గీ వయసుల గా నీలం బూట్లేంది? నువ్వు గిట్ల బస్తాలెత్తుడు మొదలువెడితే మేమేం దినాలె?" అని ఒకటే నవ్వు. బూట్లు గోదాం బయట విడిస్తే ఎవరన్నా తొడుక్కుని పోతారని కిటికీలో పెడుతున్నాను. అంత ఖరీదు పెట్టాను మరి.

ఒక మాట చెప్పనా? సంచి ఛాతీకి ఆనించుకుని కూర్చుని లేచేటప్పుడు పసుపు వాసన ముక్కు దాకా వస్తుంది. ఇన్నేళ్ళు పసుపు అమ్మాను గానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ పట్టుకోలేదు. భయం కొంచెం తగ్గింది.

నీ అన్న,
గంగాకిషన్

*

బెంగళూరు,
2 జనవరి 2025

అన్నా,

నూట ఎనభై ఐదు! ఇక్కడ నా దగ్గరకు వచ్చేవాళ్ళు జీతం ఇచ్చి నన్ను పెట్టుకుని కూడా నెలలో ఇంత తగ్గరు. మా వాళ్ళందరికీ నీ పసుపు సంచి కథ చెప్పాను. ఒకాయన తనకూ అటువంటి సంచి కావాలన్నాడు.

పదిహేను సులువైతే ఇరవై దాకా వెళ్ళు. చివరి రెండుసార్లు కష్టంగా లేకపోతే కండకు ఆకలి పుట్టదు. ఉగాదికి ఆ డాక్టరుగారి ముఖం చూడాలని ఉంది. ఇప్పుడైతే నాకు ఒక్కరోజు కూడా సెలవు దొరకదు. కొత్త సంవత్సరం మొదట్లోనే అందరికీ ఒళ్ళు తగ్గించుకోవాలని బుద్ధి పుడుతుంది, మా సెంటర్‌లో నిలబడ్డానికి చోటుండదు.

వదినెకు చెప్పు, జొన్నరొట్టె మానొద్దని.

రాజశ్రీ

*

ఆర్మూర్,
28 జనవరి 2025

చెల్లె రాజీకి,

నూట యాభై రెండు. మళ్ళీ రాస్తున్నాను, నూట యాభై రెండు. మెషీన్ తప్పు చూపుతోందేమోనని దవాఖానలో కూడా చేయించాను. అక్కడా దాదాపు అంతే. ఆ రోజు అంగట్లో ఉన్న రైతులందరికీ చాయ్‌తో పాటు బిస్కెట్లు పెట్టించాను. నేను తినలేదు, నీ మీద ఒట్టు.

కొత్త పసుపు దిగడం మొదలైంది. నందిపేట్ వైపు నుంచి ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి. గోదాం నిండిపోయి నేను ఎత్తుకోవడానికి ఓ మూలన జానెడు జాగా మిగిలింది. నేలంతా కొమ్ములే. అడుగు వేస్తే చిటపటమంటున్నాయి.

మీ వదినెకు నా మీద కొత్త కోపం. పక్కదుప్పటికి పసుపు మరకలు అంటిస్తున్నానట, ఎంత ఉతికినా పోవట. "పెండ్లిపిల్ల లెక్క కాళ్లకు పసుపు పూసుకోని పండుతున్నవు" అని ఎక్కిరిస్తున్నది. పసుపు వ్యాపారి కాలికి పసుపు కాక గంధం అంటుతుందా?

ఇప్పుడు బరువు పెంచాలన్నావు. ఎంతకు, ఎన్నిసార్లు?

గంగాకిషన్

*

బెంగళూరు,
5 ఫిబ్రవరి 2025

బంగారు అన్నా,

ఆ అంకె చూసి గెంతాను. పక్కింటావిడ తలుపు కొట్టి ఏమైందని అడిగింది. సూది తప్పినట్టే. ఈ మాట రాయకూడదు, అయినా రాస్తున్నాను.

ఇప్పుడు ఇరవై కిలోలు. ఎనిమిదిసార్లు చాలు. ఎనిమిది, విరామం, ఎనిమిది, విరామం, ఎనిమిది. పాదాలు నేలకు గట్టిగా అదిమి, మడమల మీద బరువు వేసి లేవాలి. చిన్న బరువుతో కండకు ఓపిక వస్తుంది, పెద్ద బరువుతో కండ పెరుగుతుంది. పెరిగితే చక్కెరకు చోటు ఎక్కువ. నీకు రెండూ కావాలి.

వదినెతో చెప్పు, పెళ్ళిపిల్లకు ఈ ఏడు మంచి ముహూర్తాలే ఉన్నాయని.

నీ చెల్లె,
రాజశ్రీ

*

ఆర్మూర్,
23 ఫిబ్రవరి 2025

చెల్లె రాజీకి,

అంకె బాగాలేదు. మొన్న నూట తొంభై ఆరు. ఇవాళ రెండు వందల నలభై. ఎందుకో తెలియడం లేదు.

నువ్వు రాసినట్టే ఎత్తుతున్నాను. ఇరవై కిలోలు, ఎనిమిదిసార్లు, ఒక్కటి తగ్గకుండా. ఒక్కపూట మానలేదు. ఎండలు మొదలయ్యాయి కానీ నాకు సాయంత్రమైతే చలి పుడుతున్నది. అలవాటు లేని పని కదా, ఒళ్ళు నొప్పులకనుకుంటున్నాను. ఎడమకాలి చెప్పు కూడా బిగుసుకుపోయింది. ఎండకు తోలు ముడుచుకున్నట్టుంది, ఇంకో జత తీసుకోవాలి. సీజన్ కదా, చెప్పుల దుకాణం దాకా పోయే తీరిక కూడా లేదు.

పాత పద్ధతికి, అదే పదిహేనుసార్లకు పోవాలా? బరువు ఇంకా పెంచాలా? తొందరగా రాయి. ఉగాది దగ్గరికొస్తున్నది.

గంగాకిషన్

*

బెంగళూరు,
2 మార్చి 2025

అన్నా,

నేను అరవకుండా రాయాలని రెండుసార్లు కాగితం చింపాను. నూట యాభై రెండు నుంచి రెండు వందల నలభై దానంతట అది పోదు. పెళ్ళిళ్ళ సీజన్ అని నాకు తెలియదా? రైతు బిడ్డల పెళ్ళిళ్ళన్నింటికీ నువ్వే ముందు వరసలో కూర్చుంటావని తెలియదా? భక్ష్యాలు ఎన్ని తిన్నావు? చాయ్‌లో చక్కెర మళ్ళీ ఎప్పుడు మొదలైంది? ఇక్కడ అందరూ ఇట్లాగే చేస్తారు. కొంచెం తగ్గగానే గెలిచేశామనుకుని నోరు వదిలేస్తారు, తర్వాత "మేడమ్, నేనేం తినలేదు" అంటారు. నువ్వూ వాళ్ళలాంటివాడివే అనుకోలేదు.

పదిహేనుకు వెనక్కి పోవద్దు. ఇరవై ఐదు కిలోలు చెయ్యి, ఎనిమిదిసార్లు. ఒళ్ళు నొప్పులు సాకు కాదు. ఉగాదికి నెల కూడా లేదు. సూది వద్దనుకుంటే ఎత్తు. ఇక నీ ఇష్టం.

రాజశ్రీ

*

ఆర్మూర్,
10 మార్చి 2025

రాజీకి,

నేనేం తినలేదు. మీ వదినెను అడుగు. ఏ పెళ్ళికీ పోలేదు, పోయే ఓపిక లేదు. యాభై మూడేళ్ళ మనిషి తన చెల్లెలికి ఒట్లు పెట్టుకోవాల్సి వచ్చింది, సరే.

ఇవాళ రెండు వందల తొంభై. ఇరవై ఐదు కిలోలు ఎత్తుతున్నాను. నువ్వు చెప్పావని ఎత్తుతున్నాను. మొన్న ఐదోసారి కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. సంచి మీదేసుకుని అట్లాగే ఉన్నాను, చిన్నన్న వచ్చి లేపాడు. అతనికి ఆ మూల దగ్గర ఏదో కంపు కొట్టిందట. "సేటూ, ఎలుక సచ్చినట్టుంది" అని మనిషిని పెట్టి బస్తాలన్నీ జరిపించాడు. ఏమీ దొరకలేదు.

నాకు సూదే రాసి ఉన్నట్టుంది. నీ మీద కోపం లేదు. అలిసిపోయాను.

గంగాకిషన్

*

బెంగళూరు,
30 మార్చి 2025, ఉగాది

అన్నా,

హైదరాబాద్ దవాఖానలో నీ మంచం పక్కన తొమ్మిది రోజులు కూర్చున్నాను. ఈ మాట అక్కడే చెప్పాల్సింది. నీకు వినపడాలంటే అరవాలి. ఇది అరిచి చెప్పే మాట కాదు. అందుకే తిరిగి వచ్చాక రాస్తున్నాను.

ఎలుక సంగతి చదివిన నిమిషంలోనే నాకు అర్థమైంది. వదినెకు ఫోన్ చేసి "వదినె, అన్న ఎడమ పాదం అడుగు చూడు, ఇప్పుడే చూడు" అన్నాను. ఆమె ఫోన్ పట్టుకునే చూసింది. ఆమె అరుపు విన్నాను. అరికాల్లోకి విరిగిన పసుపు కొమ్ము దిగి ఉందని, పాదం సగం నల్లబడిందని తర్వాత తెలిసింది. షుగర్ పాదాల్లో స్పర్శను తినేస్తుంది. నీకు గుచ్చుకున్నదే తెలియలేదు. దాని మీద నిలబడి నువ్వు ఇరవై ఐదు కిలోలు ఎత్తావు. చీము పట్టినప్పుడు షుగర్ పెరుగుతుంది. నేను ఎంతమందికో చెప్పిన పాఠమే ఇది. నీకు మాత్రం భక్ష్యాల లెక్క అడిగాను.

దవాఖానలో చిన్నన్నను అడిగాను, బూట్లు వేసుకుని కూడా ఇట్లా ఎట్లా అయిందని. అతను నన్ను వింతగా చూశాడు. "బూట్లా? పసుపుల బూట్లతోని ఎవలన్న నిలవడ్తరా అమ్మా? లచ్చిమి కాదా? సేటు గడప కాడ్నే ఇడుస్తుండె" అన్నాడు. ఆ గోదాంలోనే ఆడుకుని పెరిగినదాన్ని. చెప్పులతో లోపలికి వచ్చినందుకు నాయన చేత ఒకసారి దెబ్బ కూడా తిన్నాను. కిటికీలో బూట్లు పెడుతున్నానని నువ్వు డిసెంబర్‌లోనే రాశావు. దుప్పటి మరక రాశావు, చలి రాశావు, చెప్పు బిగుసుకుందని రాశావు. ఇప్పుడు అన్నీ ముందేసుకుని చదివాను. అప్పుడు నేను అంకెలు తప్ప ఏమీ చదవలేదు.

మా సెంటర్‌లో ఎవరొచ్చినా ముందు సాక్సు విప్పించి పాదాలు చూస్తాను, ఆ తర్వాతే బరువు ముట్టుకోనిస్తాను. నిన్ను గుండె చూపించుకోమన్నాను, కళ్ళు చూపించుకోమన్నాను. పాదాలు అడగలేదు.

మోకాలి కింద నుంచి తీసేయాలని డాక్టర్లు చెప్పినప్పుడు సంతకం వదినె పెట్టింది. నేను భుజం మీద చెయ్యి వేస్తే తీసేసింది. "నీ లెక్కలు నీ దగ్గరనే వెట్టుకో రాజీ. మా ఇంటికి ఇంక ఉత్తరాలు రాయకు" అంది. ఈ ఒక్కటి రాస్తున్నాను. ఆమె చించేస్తే చించేయనీ.

రాజశ్రీ

*

ఆర్మూర్,
16 ఏప్రిల్ 2025

చెల్లె రాజీకి,

నీ ఉత్తరం మీ వదినె చించలేదు. విప్పకుండా తెచ్చి నా మంచం మీద పడేసి వెళ్ళింది. నీ పేరెత్తితే ఇప్పటికీ లేచి పోతున్నది. నేనేమీ అనడం లేదు. పొద్దంతా అంగట్లో ఆమే కూర్చుంటున్నది, రాత్రి నన్ను లేపి కూర్చోబెట్టేది కూడా ఆమే. ఆమె కోపం ఆమెను ఉంచుకోనీ.

తప్పు నీది కాదని రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రాయడం లేదు. నీదేనని కూడా రాయలేను. పసుపు మీద బూట్లతో నిలబడమని నువ్వు వంద ఉత్తరాలు రాసినా నేను వినేవాణ్ణి కాదు. అంతవరకు నిజం. మిగతాది నాకు తెలియదు. నాకు కోపం వస్తున్నది. ఎవరి మీదో తెలియక దిండు మీద గుద్దుతున్నాను.

లేని పాదం రాత్రిళ్ళు నొప్పి పెడుతున్నది. ఉన్నన్నాళ్ళు దానికి కొమ్ము దిగినా తెలియలేదు, పోయాక మంట పుడుతున్నది. డాక్టరును అడిగితే అట్లా ఉంటుందన్నాడు. చిన్నన్న రోజూ వచ్చి కాసేపు కూర్చుంటాడు. వాడికి నా ముఖం చూడాలంటే కష్టంగా ఉంది, నాకు వాడి కాళ్ళు చూడాలంటే కష్టంగా ఉంది.

షుగర్ ఎంతో నువ్వు అడగలేదు. ఇక ఎప్పటికీ అడగవేమో. పరగడుపున నూట ఇరవై.

ఇన్సులిన్ వేసుకుంటున్నాను. ఆపరేషన్ ముందు రోజే మొదలుపెట్టారు, ఇప్పుడు పూటపూటకూ. మొదటిసారి నర్సమ్మ సూది పట్టుకుని వచ్చినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, మంచం పట్టె పట్టుకుని, నాయనను తలుచుకుంటూ ఉన్నాను. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. కళ్ళు తెరిచి "ఎయ్యవా అమ్మా?" అని అడిగాను. "ఎప్పుడో ఏసిన సేటూ" అని ఆమె పక్క మంచం దగ్గరకు పోయింది. చీమ కుట్టినంత కూడా లేదు రాజీ. దీనికా నేను భయపడింది?

నీ అన్న,
గంగాకిషన్